ఓమియాలో పిల్ల మేపుల్ కోసం

టోక్యోలోని ఉఎనో స్టేషన్‌లో ఉత్సునోమియా లైను రైలెక్కితే అరగంట దాటాక తోరో అనే చిన్న స్టేషన్ వస్తుంది. దిగి కాస్త నడిస్తే, చెట్లను కుండీల్లో చిన్నవిగా పెంచే ఓమియా బోన్సాయ్ గ్రామం. గ్రామమన్నది పేరుకే, నిజానికి సైతామా నగరంలో అదొక పేట. 1923 భూకంపం తర్వాత టోక్యో తోటమాలులు మంచి నేల, నీరు వెతుక్కుంటూ 1925లో ఇక్కడికి చేరారు. ఇక్కడ కాపురం పెట్టాలంటే పదికి తగ్గకుండా బోన్సాయ్‌లు ఉండాలి, మేడ కట్టకూడదు, ప్రహరీకి బదులు మొక్కల కంచె ఉండాలి, గేటు తెరిచే ఉంచాలి అని అప్పట్లో రూల్స్ పెట్టుకున్నారట. ఒకప్పుడు 30 దాకా ఉన్న తోటలను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మేము వెళ్లింది ఏప్రిల్‌లో. మేపుల్ చెట్ల ఎర్రాకుల కోసం జనం శరదృతువులో ఎగబడతారు గానీ, మేపుల్ పెంచాలనుకునేవాళ్లకు చిగుళ్ల కాలమే మేలు. దేశోజో అనే మేపుల్ రకమైతే అప్పుడు పండుమిరపలా మెరిసిపోతుంటుంది.

మేము వెళ్లిన తోటలో ముందు వరసంతా ముసలి చెట్లు. చాలా తోటల్లో ఫొటోలు తీయనివ్వరు. ఒకందుకు అదే మంచిదైంది, ఫోను జేబులో పెట్టి కళ్లతో చూశాం. ఓ పెద్దాయన పట్టకారుతో ఒక్కో చిగురు దగ్గర ఆగుతున్నారు. మేపుల్‌కు ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. మొదటి జంట విప్పుకోగానే మధ్యలో బియ్యపు గింజంత మొన ఉంటుంది, దాన్ని తుంచేస్తున్నారు. దాంతో కణుపుల మధ్య దూరం పెరగదు, కొమ్మలు సన్నగా, దట్టంగా వస్తాయి.

నాకు అసలు విషయం దొరికింది మాత్రం పెరట్లో. అక్కడి పిల్ల మేపుళ్లను చూస్తే ఎవరూ పట్టించుకోనట్టే ఉన్నాయి. ఒకదాని కింది కొమ్మ ఏకంగా నా తల దాటిపోయింది. "ఇంత పొడుగు పెరిగితే అది బోన్సాయ్ ఎలా అవుతుందిరా?" అన్నాడు టోక్యోలో ఉండే మా స్నేహితుడు. జపనీస్‌లో అదే మాట ఆ పెద్దాయన్ని అడిగాడు. ఆ కొమ్మను నరకడానికే పెంచుతున్నానన్నారాయన. అది ఎంత ఏపుగా పెరిగితే దాని కింద మాను అంత లావెక్కుతుంది. చాలినంత లావయ్యాక కోసేసి, గాయానికి పేస్టు పూస్తారు. చిన్న కుండీలో మాను లావెక్కదు. అందుకే మొదట నేలలోనో పెద్ద తొట్టిలోనో వదిలేస్తారు. ఆ వయసులో చిగుళ్లు తుంచితే చెట్టు ఎన్నేళ్లయినా పుల్లలాగే మిగిలిపోతుంది.

పైమట్టిని వేలితో పక్కకు తోసి వేళ్లు చూపించారు. కుండీ మార్చేటప్పుడు, అంటే మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని రోజుల్లో, నిలువు వేరు కోసి అడుగున పలక పెడతారు. వేళ్లిక లోతుకు పోలేక చుట్టూ పరుచుకుంటాయి. అలా అన్ని వైపులా పరుచుకున్న వేళ్లే ముసలి చెట్టుకు అందం.

మావాడు బాల్కనీకి ఒకటి కొంటానన్నాడు. నీలం కుండీలో ముద్దుగా ఉన్నదాని మీద మనసు పడ్డాడు. మాను మొదట్లోనే అంటుకట్టిన బుడిపె ఉంది, వేళ్లు ఒక పక్కకే ఉన్నాయి, వద్దన్నాను. విత్తనం నుంచి మొలిచిన, వంకరగా ఉన్న మామూలు మొమిజి, అంటే జపాన్ మేపుల్, చూపించాను. కాసేపు వాదించుకున్నాం. చివరికి మొహం ముడుచుకునే, నేను చూపించినదానికి డబ్బు కట్టాడు.

తర్వాత అక్కడి బోన్సాయ్ మ్యూజియంకి వెళ్లాం, టికెట్ 310 యెన్‌లు. గురువారం సెలవు, చూసుకుని వెళ్లండి. మే 3 నుంచి 5 దాకా పేటంతా బోన్సాయ్ ఉత్సవం, రద్దీ ఇష్టమైతే అప్పుడు వెళ్లొచ్చు.

తిరుగు రైల్లో మొక్కను ఒళ్లో పెట్టుకుని వాడు అడిగినవన్నీ చెప్పాను: పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండకు ఆకు అంచులు మాడతాయి, చలికాలంలో జాలిపడి ఇంట్లోకి తేకూడదు, చెట్టుకు ఆ చలి కావాలి. కొమ్మ వంచడానికి లోహపు తీగ చుడితే తరచూ చూస్తుండాలి, మేపుల్ బెరడులోకి అది ఇట్టే దిగిపోతుంది. "మరి దీన్ని అలాంటి నీలం కుండీలోకి ఎప్పుడు మార్చొచ్చు?" అన్నాడు. ముందు బొటనవేలంత మానును మణికట్టంత చెయ్యమన్నాను.