మాత్ర కోసం తడ దాకా

నిన్న మధ్యాహ్నం తిరిగొచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. కంగారేం పడలేదు. గర్భం రాకుండా 72 గంటల్లోపు లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటే సరి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. డాక్టరు చీటీ అక్కర్లేదు, 2005 నుంచీ షాపుల్లో నేరుగా అమ్ముతున్నారు. నెల్లూరులో ఉన్నప్పుడు ఒకసారి కొన్నాను కూడా.

ఆదివారం పొద్దున్నే చెన్నై తిరువొత్తియూరులో మా వీధి చివరి మందుల షాపుకి వెళ్లాను. గల్లా పైన మురుగన్ పటం. "అదెల్లాం కిడైయాదు" (అవన్నీ లేవు) అన్నాడు, నా మొహం కూడా చూడకుండా. రెండో షాపులో వేళాంకణి మాత పటం, అదే జవాబు. దేవుళ్లు వేరైనా ఈ విషయంలో మాత్రం గొడవ లేదు.

ఇక మూడోది. నా వెనక ఒక పెద్దాయన బీపీ మాత్రల ఖాళీ అట్ట పట్టుకుని నిలబడ్డాడు. మెల్లగా పేరు చెప్పాను. వినబడలేదట. కాగితం మీద రాసిచ్చాను. దాన్ని లైటు కేసి పట్టుకుని, లోపల డబ్బాలు సర్దుతున్న కుర్రాడికి వినబడేలా చదివాడు. తర్వాత నా మెడకేసి చూశాడు. తాళి చుడిదార్ లోపల ఉంది. "కల్యాణం ఆయిడిచ్చా?" అయ్యిందన్నాను. నమ్మలేదు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది: తాళి బయటికి తీసి చూపించాను. చూసి, "అబార్షన్ మాత్రలు మేం అమ్మం, మీ ఆయన్ని పంపు" అన్నాడు. పెద్దాయన నేలచూపులు చూస్తున్నాడు.

అది అబార్షన్ మాత్ర కాదు. అండం విడుదలని వెనక్కి నెడుతుంది, అంతే. గర్భం నిలిచాక వేసుకున్నా దాన్నేం చెయ్యలేదు. ఫార్మసీ చదివినవాడికి ఎకౌంట్స్ రాసుకునే నేను చెప్పాలా?

పెళ్లికి ముందు సెక్స్ గురించి 2005లో ఖుష్బూ ఒక మాట అంటే ఇక్కడ ఊళ్లూళ్లా కేసులు పెట్టారు. సుప్రీంకోర్టు కొట్టేసేసరికి 2010 అయింది. పిల్లల్ని కనాలో వద్దో ఆడదాని ఇష్టమని పెరియార్ ఎప్పుడో చెప్పాడు. ఆయన విగ్రహాలకి దండలు వేసేవాళ్లలో ఎందరికి గుర్తుందో.

సోమవారం సెలవు పెట్టి సూళ్లూరుపేట లోకల్ ఎక్కాను. సరిహద్దు దాటి ఆంధ్రాలో ఉన్న తడలో దిగి కనబడిన మొదటి షాపులో అడిగాను. వంద రూపాయల పైచిలుకు. "ఇంకేమన్నా కావాలా అమ్మా?" అన్నాడు. ప్లాట్‌ఫాం మీదే మింగేశాను.

ఇక్కడ కొత్తగా కాపురం పెట్టేవాళ్లు ఊరినుంచి వచ్చేటప్పుడే రెండు తెచ్చుకోండి, ఎక్స్‌పైరీ చూసి. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే రెండోది వేసుకోవాలి. ఆ మూడో షాపుకి మాత్రం దగ్గు మందుకి కూడా నేను వెళ్లను.

రాత్రి మా ఆయన పట్టుబట్టి అదే షాపుకి వెళ్లొచ్చాడు. ఆయనకీ లేదన్నాడట. పెళ్లైందా అని మాత్రం అడగలేదు.