దీవుల కేసుల్లో ముందు తేదీ తేల్చండి

సివిల్స్ లా ఆప్షనల్ పేపర్-1లో భూభాగ వివాదం అడిగితే చాలామంది భూభాగం సంపాదించే మార్గాలైన ఆక్యుపేషన్ (ఎవరిదీ కాని నేలను ఆక్రమించడం), ప్రిస్క్రిప్షన్ (అభ్యంతరం లేకుండా దీర్ఘకాలం పాలించడం), సెషన్ (ఒప్పందంతో అప్పగించడం), అక్రీషన్ (ప్రకృతి వల్ల నేల పెరగడం), కాంక్వెస్ట్ (యుద్ధంలో గెలుచుకోవడం) అని అయిదూ అప్పజెప్పేస్తారు. పది మార్కులకు 150 పదాలే. సగం అక్కడే ఖర్చు. పైగా యూఎన్ చార్టర్ తర్వాత కాంక్వెస్ట్ చెల్లదన్న ముక్క మర్చిపోతారు.

ముందు రాయాల్సింది క్రిటికల్ డేట్, అంటే వివాదం బయటపడ్డ తేదీ. ఆ తర్వాత వాదన బలం కోసం చేసిన పనుల్ని కోర్టు పట్టించుకోదు. పాత పనికి మామూలు కొనసాగింపయితే తప్ప.

దీనికి సిపడాన్, లిగిటాన్ కేసును మించింది లేదు. ఇండోనేషియా, మలేషియాల మధ్య 2002లో ఐసీజే (అంతర్జాతీయ న్యాయస్థానం) తేల్చింది. 1891 నాటి బ్రిటిష్-డచ్ ఒప్పందం ఈ దీవుల సంగతి తేల్చలేదంది. ఇక మిగిలింది ఎఫెక్టివిటే, అంటే ఎవరు నిజంగా పాలించారన్నదే. మలేషియా చూపించినవి వినడానికి చిన్నవి: 1917లో తాబేళ్లు, వాటి గుడ్ల సేకరణపై పెట్టిన నియంత్రణ, 1933లో పక్షుల అభయారణ్యం, 1962, 1963లలో లైట్‌హౌస్‌లు. ఇండోనేషియా తన జాలర్లు అక్కడ చేపలు పట్టేవారంది. ప్రభుత్వం తరఫున కాక సొంతానికి చేసుకున్నది పాలన కాదంది కోర్టు. ఇక్కడ క్రిటికల్ డేట్ 1969. దీవులు మలేషియాకే దక్కాయి. మార్కులు పోయేది ఇక్కడే: ఎవరో ఒకరు అక్కడ తిరిగితే చాలనుకుని రాసేస్తారు.

మలేషియా, సింగపూర్‌ల మధ్య పెడ్రా బ్రాంకా దీవి కేసు (2008) మరో రకం. మొదట అది జోహోర్‌దే (ఇప్పుడు మలేషియాలో రాష్ట్రం). కానీ 1953లో జోహోర్ అధికారి ఆ దీవిపై యాజమాన్యం కోరడం లేదని ఉత్తరం రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో సింగపూర్ చేసినవాటికి మలేషియా అడ్డు చెప్పలేదు. దీవి సింగపూర్‌కు, పక్కనే ఉన్న మిడిల్ రాక్స్ మలేషియాకు పోయాయి. సౌత్ లెడ్జ్ ఆటు సమయంలోనే తేలుతుంది కాబట్టి, ఎవరి ప్రాదేశిక జలాల్లో ఉంటే వారిదే అని వదిలేశారు. మూడూ సింగపూర్‌వే అని రాయకండి.

అమెరికా, నెదర్లాండ్స్‌ల మధ్య పాల్మాస్ దీవి కేసు (1928)కు రెండు వాక్యాలు చాలు: కనుగొన్నంత మాత్రాన హక్కు పూర్తికాదు, నిరంతర పాలన కావాలి. అయితే చట్టబద్ధ హక్కు వేరే దేశానికి ఉంటే, పాలన కంటే ఆ హక్కుకే ప్రాధాన్యం. ఇది బుర్కినా ఫాసో-మాలి (1986) తీర్పు.

భారత్ కోణం అడిగితే పాకిస్థాన్‌తో వచ్చిన బేరుబారి, కచ్ వివాదాలు రెండూ కలిపేయకండి. బేరుబారిలో భూమి అప్పగింత, అందుకే 1960లో రాజ్యాంగానికి 9వ సవరణ వచ్చింది. కచ్‌లో 1968 అవార్డు (మధ్యవర్తుల తీర్పు) గీసింది సరిహద్దే. దాని అమలుకు సవరణ అక్కర్లేదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది.