కళ్లం పక్కన కొత్త వీధి: జమ్మలమడుగు వైపు మూడు రోజులు

మా అవ్వగారి ఊరిని ఆనుకొని ఉన్న రెండెకరాల నల్లరేగడి చేను మా అమ్మ వాటాకు వచ్చింది. అమ్మ పోయిన తరువాత అది నా పేరా, మా తమ్ముడి పేరా ఉమ్మడిగా ఉంది. ఈ సంక్రాంతి వెళ్లిన వారానికి ప్రొద్దుటూరు నుంచి ఒకాయన వచ్చి, ఆ చేను కొని ఇళ్ల ప్లాట్లు వేస్తానని అడిగాడు. తమ్ముడు సరేనన్నాడు. ముప్పై ఏళ్ల పాటు పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంటి ప్లాన్లు, లేఅవుట్లు గీయడం నేర్పిన నాకు మాత్రం, ఆ చేని పక్కన బతుకుతున్నవాళ్లను ఒక్కమాటైనా అడగకుండా సంతకం పెట్టడానికి చేయి రాలేదు. అందుకే ఫిబ్రవరి రెండో వారంలో ఒక టేపు, గీతల పుస్తకం సంచిలో వేసుకొని కడప బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాను. నాతో మాట్లాడినవారి మాటలు వారికి ఇబ్బంది కాకూడదని ఊరి పేరు రాయడం లేదు.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా నాపరాళ్ల దొంతులు కనిపిస్తాయి. ఈ సీమలో గోడకూ నేలకూ మెట్టుకూ ఆ రాయే ఆధారం. చేనికి, దొడ్డికి బండలను వరుసగా నిలబెట్టి ప్రహరీ చేసుకోవడం కూడా ఇక్కడి అలవాటే. శనగ కోతలు అయిపోయిన నల్ల చేలు అప్పటికే నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఆ నెర్రెలను బస్సు కిటికీలోంచి అందమైన దృశ్యంగా చూశానే తప్ప, మరునాడు అవే నాకు పెద్ద పాఠమవుతాయని అనుకోలేదు.

చిన్నమ్మ ఇల్లు మట్టి మిద్దె. రాతి గోడలు రెండడుగుల మందం. పైన దంతెలు, వాటి మీద బండలు, బండల మీద చౌడు. వెలుతురు కోసం వదిలిన గవాచి లోంచి మధ్యాహ్నపు ఎండ నేల మీద పళ్లెమంత పడుతుంది. మేలో కడప జిల్లా ఎండ 43, 44 డిగ్రీలకు పోయినప్పుడు కూడా ఈ ఇంట్లో పగలు పడుకోవచ్చు. వానలకు ముందు ఏటా పైన చౌడు వేసుకోవాలి. ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదని చిన్నమ్మ బాధ. మిద్దెలు కారిపోతున్నాయి కాబట్టే ఊరిలో సగం మంది సిమెంటు స్లాబు కోరుకుంటున్నారన్న సంగతి నేను తొలి గంటలోనే తెలుసుకున్నాను. పాత ఇల్లు గొప్పదని దూరం నుంచి చెప్పడం నాకు సులువే, దానిని ఏటా కాపాడుకోవలసింది డెబ్బై ఏళ్ల మనిషి.

చిన్నమ్మ కొడుక్కి వంక అవతల, ఊరికి దాదాపు కిలోమీటరు దూరంలో వేసిన కాలనీలో పట్టా వచ్చింది. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా మొదలైన పంపిణీలో దాదాపు 30 లక్షల కుటుంబాలకు స్థలాలు ఇచ్చారు. పల్లెల్లో ఒక్కొక్కరికి ఒకటిన్నర సెంటు, అంటే సుమారు 72 చదరపు గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, దానికి 1.80 లక్షల రూపాయల సాయం. ఈ అంకెలు నాకు ముందే తెలుసు. చిన్నమ్మ లెక్క మాత్రం వేరు. ఆమె వాకిట్లో నిలబడి చేత్తో చూపిస్తూ చెప్పింది: "రెండు బర్రెలకు కొట్టం, ఈడ వామి, ఆడ పేడదిబ్బ, పిడకలు ఎండేసుకొనే గోడ, గింజలు ఆరబోసుకొనే తావు. వాళ్లిచ్చింది మనుషులు పండుకొనేదానికి సరిపోతాది తల్లీ. మన ఇల్లు పండుకొనేదానికేనా?"

ఆమె కొడుకూ కోడలూ ఇప్పుడు రాత్రి కాలనీలో పడుకొని, తెల్లవారుజామున నాలుగింటికి పాలు పితకడానికి ఊరిలోకి నడిచి వస్తారు. ఉపాధి హామీ పథకం కింద పశువులకు గోకులం షెడ్డు వేసుకొనే వీలున్నా, కాలనీలో దాన్ని వేసుకొనేందుకు చోటు లేదు. ప్రభుత్వం ఇప్పుడు పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. దాని గురించి అడిగితే చిన్నమ్మ ఒక క్షణం ఆలోచించి, మూడు సెంట్లయితే ఒక బర్రె పడుతుందని చెప్పింది. నేను గీతల పుస్తకం తీసి, మూడు సెంట్లలో ఇల్లు ఒక మూలకు జరిపి, కొట్టం వెనుకకు పెట్టి గీసి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, దిబ్బ వాసన పక్కింటి వంటింట్లోకి పోతుందని ఎత్తి చూపింది. ఆమె చెప్పింది నిజమే. దిబ్బలన్నీ కాలనీకి వెలుపల, గాలి వాలుకు ఒకే చోట ఉమ్మడిగా ఉండాలన్నది ఆమె సూచన. నా తరగతిలో ఇన్నేళ్లలో ఏ ప్లాన్‌లోనూ దిబ్బకు చోటు చూపించిన గుర్తు లేదు.

మరునాడు ఉదయం కాలనీకి వెళ్లాను. అక్కడ ఒక బేల్దారి మేస్త్రీ సగం ఆగిన ఇంటికి పని చేస్తున్నాడు. నేను సివిల్ చదువు చెప్పినదాన్నని తెలిసి, పిలిచి మరీ పగుళ్లు చూపించాడు. తలుపు చట్రం మూల నుంచి పైకి ఏటవాలుగా పోయిన పగులు, కిటికీ కింద ఇంకొకటి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. తేమ మారని లోతుకు పునాది దించడమో, అడుగున గొడుగులా వెడల్పు చేసిన పైళ్లు (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేసి వాటి మీద బీము కట్టడమో చేయకపోతే, ఆ కదలిక గోడలో బయటపడి తీరుతుంది. మట్టి తీసేసి గరుసు నింపుకోవడం కూడా ఒక దారే. ఏది చేసినా ఖర్చు నేల పైకి రాకముందే అయిపోతుంది. "అంతా ఒకే డబ్బు ఇస్తారు మేడమ్. గరుసు నేలలో కట్టుకొనేవాడికీ అంతే, రేగడిలో కట్టుకొనేవాడికీ అంతే" అని అతను చెప్పినప్పుడు నాకు మాట రాలేదు. ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీ కుటుంబాలకు 75 వేలు అదనంగా ఇస్తామని 2025లో ప్రకటించారు. అది కులాన్ని బట్టి అవసరమైన సాయమే, నేలను బట్టి కూడా ఒక లెక్క ఉండాలన్నది ఆ మేస్త్రీ మాట. నేను దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

అక్కడి నుంచి ఊరి వైపు చూస్తే ఒక సంగతి కళ్లకు కట్టింది. పాత ఊరు మొత్తం చిన్న గరుసు దిబ్బ మీద ఉంది. పంట పండే రేగడిని వదిలి, పండని గట్టి నేల మీద ఇళ్లు కట్టుకున్నారు పెద్దలు. కొత్త కాలనీ మాత్రం పల్లానికి, మెత్తటి మంచి చేనులోకి దిగింది. మా రెండెకరాలదీ అదే నేల. అమ్మబోయేది చేను మాత్రమే కాదు, రేపు నలభై ఇళ్ల గోడల్లో పగుళ్లు కూడా అని అప్పుడు తోచింది.

పాత ఊరి తెలివిని అలా మెచ్చుకుంటూ కాలనీ చివరి వరుసకు వెళ్లాను. ఒకామె కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. ఆమె వయసు నలభై దాటి ఉంటుంది, పెరిగింది ఊరికి దక్షిణాన విడిగా ఉన్న దళితవాడలో. పాత ఊరు ఎంత ఆలోచించి కట్టారో నేను చెప్పబోతే ఆమె శాంతంగా అడ్డుకుంది. "పాత ఊరు బాగుండె అంటారందరూ. ఎవరికి బాగుండెనమ్మా? మా అత్త ఆ ఊరి బావిలో ఏనాడూ చేద వేసి ఎరగదు. ఇప్పుడు మా ఇంటి పక్కన ఒకాయమ్మ, ఎదురుగా ఒకాయమ్మ, చీటీ తీసి ఇచ్చినారు కాబట్టి అన్ని కులాలోళ్లం ఒకే వరసలో ఉండాం. నాకు ఈ వరస చెరిపేయొద్దు."

ఇళ్లు సరిపోవని ఆమె కూడా అంది. వాననీరు పోయే కాలువ లేదని, వీధి దీపాలు మధ్యలో ఆగిపోయాయని, ఆడపిల్లలు చీకట్లో కిలోమీటరు నడిచి ఊరి బడికి, బస్సుకు పోవాలని అంది. అయినా ఆ వరుస చెరిపేయొద్దంది. దిబ్బ మీద ఊరు కట్టిన తెలివి, ఆ దిబ్బ మీదికి కొందరిని రానివ్వని తెలివి రెండూ ఒక్కటేనని నాకు ఇన్నేళ్లకు ఆమె ముందు నిలబడినప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం చిన్నమ్మ ఇంట్లో అన్నం తింటూ ఈ మాట చెప్పాను. చిన్నమ్మ జవాబు చెప్పలేదు, మజ్జిగ పోసి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం ముద్దనూరు మీదుగా కొండాపురం వెళ్లాను. పెన్నా మీద కట్టిన గండికోట జలాశయంలో 26.85 టీఎంసీల నీటిని నిలపడం కోసం ఆ మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరును నీరు చుట్టుముట్టిన సంగతి ఈ జిల్లావాళ్లకు గుర్తుండే ఉంటుంది. పునరావాస కాలనీలో టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన, కొత్త వీధులు తీరుగా ఉన్నాయని, అంబులెన్సు గడప దాకా వస్తోందని మొదట మంచే చెప్పాడు. తరువాత, పాత ఊరిలో తన వీధిలోని ఎనిమిది ఇళ్లవాళ్లు ఇప్పుడు ఎనిమిది చోట్ల ఉన్నారని, ఒకరికి జ్వరమొస్తే మరొకరికి నాలుగు రోజుల తరువాత తెలుస్తోందని చెప్పాడు. చీటీ తీయడం ఒకరికి విడుదల, ఇంకొకరికి విడిపోవడం. కలిసి ఉండాలనుకొనేవాళ్లు కలిసి పేర్లు ఇచ్చుకొనే వీలు, ఆ గుంపులన్నీ కులం గీత లేకుండా పక్కపక్కన వచ్చే ఏర్పాటు, రెండూ ఒకే లేఅవుట్‌లో కుదురుతాయా అని రాత్రి తిరుగు బస్సులో గీస్తూనే ఉన్నాను. కుదురుతాయనే నా నమ్మకం. నాలుగైదు ఇళ్లను ఒక గుంపుగా పేర్లు రాయించుకొని, చీటీని ఇంటికి కాకుండా గుంపుకు తీస్తే చాలు. తమ కులంవాళ్లే ఒక గుంపుగా వస్తామంటే ఏం చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

కుర్రవాళ్ల మాట వేరుగా ఉంది. కువైట్‌లో ఆరేళ్లు డ్రైవరుగా పనిచేసి వచ్చిన ఒక అబ్బాయి, మా చేను ప్లాట్లయితే రెండు తానే కొంటానన్నాడు. స్నానాలగది ఇంట్లోనే ఉందా, కారు వాకిటి దాకా వస్తుందా అని పెళ్లి సంబంధాలవాళ్లు అడుగుతున్నారట. పాత ఊరి సందుల్లో ఆటో తిరగదు. "మీరు అమ్మకపోతే మేము జమ్మలమడుగులో కొనుక్కుంటాం అత్తా, ఊరు ముసలోళ్లకు మిగుల్తాది" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అన్నాడు. ఊరు ఎదగకూడదని కోరుకొనే హక్కు కడపలో ఉండే నాకు లేదు.

మూడో రోజు ఉదయం గొర్రెలు కాసే ఒక తాత నన్ను మా చేను గట్టు వెంబడి తీసుకువెళ్లాడు. వంక ఇప్పుడు ఎండి ఉంది, తుమ్మ చెట్లు మొలిచి పక్క చేలతో కలిసిపోయింది. కాగితం మీద సన్నని గీతగా ఉన్న ఆ వంక నీళ్లు వచ్చినప్పుడు ఎంత వెడల్పు తీసుకుంటుందో ఆయన కర్రతో చూపించాడు. రాతి కట్ట మీద ఒక బండను తాకి, నీరు ఇక్కడిదాకా వచ్చిందన్నాడు. టేపు పట్టాను. మా చేనిలోకి ఎనభై నాలుగు అడుగులు. ప్లాట్లు వేస్తానన్న ఆయన నాకు చూపించిన నమూనాలో ఆ ఎనభై నాలుగు అడుగుల్లో ఒక వరుస ఇళ్లు, ఊరికి వదలవలసిన పది శాతం ఖాళీ స్థలం ఉన్నాయి. అంటే పిల్లలు ఆడుకొనే చోటును వంకలో చూపించాడు.

అక్కడి నుంచి నేరుగా గ్రామ సచివాలయానికి వెళ్లాను. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు చోటిచ్చాయి. ఊరి అభివృద్ధి ప్రణాళిక ఆ సభలో చర్చకు రావాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు జరిగినప్పుడు ఈ ఊరిలోనూ జరిగింది. రోడ్లు, ఫారం పాండ్లు అడిగారట. ఇళ్లు ఎక్కడ రావాలన్న మాట ఆ రోజు ఎత్తిన గుర్తు నేను అడిగినవాళ్లలో ఎవరికీ లేదు. ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా ఉన్న అమ్మాయి శ్రద్ధగా విన్నది. ఊరి పటం నకలు ఇచ్చింది. దాని మీద వంక నిజమైన వెడల్పు, గరుసు దిబ్బ హద్దు, కాలనీకి చీకటి పడే దారి, పేడదిబ్బలకు అనువైన చోటు గీశాను. ఊరున్న గరుసు దిబ్బకు తూర్పు వాలున, గట్టి నేల మీద, పాడుబడిన మిద్దెలు పదహారు ఉన్నాయి. యజమానులు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్నారు. వాళ్లతో మాట్లాడి అక్కడే కొత్త ఇళ్లు రాగలిగితే, ఊరు పల్లానికి దిగవలసిన అవసరం సగం తగ్గుతుంది. ఆ పదహారింటికీ ఎదురుగా చుక్కలు పెట్టాను.

పటం మీద దక్షిణపు వాడ నుంచి దిబ్బ మీదికి నేరుగా ఒక దారి కూడా గీశాను. కొళాయి దగ్గర కలిసినామెను రాబోయే గ్రామసభకు రమ్మని పిలవడానికి మళ్లీ కాలనీకి నడిచి వెళ్లాను. వస్తానంది, ఒక్కతినే అయితే రానని, వరుసలోని ఆడవాళ్లందరితో కలిసి వస్తానని అంది. చిన్నమ్మను కూడా వాళ్ల పక్కన కూర్చోమని అడిగాను. ఈసారి చిన్నమ్మ సరేనంది.

బస్సు కోసం నిలబడి ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. వంక వైపు ఎనభై నాలుగు అడుగులు ఎవరికీ అమ్మేది లేదని, మిగతా చేను సంగతి గ్రామసభ అయిన తరువాత మాట్లాడదామని చెప్పాను. వాడు చాలాసేపు ఊరుకున్నాడు. సభ ఎప్పుడని అడిగాడు. తేదీ చెప్పాను. తానూ వస్తానన్నాడు.