అరుగు ఎత్తు, గోడ ఎత్తు

రాత్రి పదిన్నర అయింది. చొక్కా సర్ఫ్ నీళ్ళలో నానుతోంది. చేతులు రెండుసార్లు కడుక్కున్నా కవళ్ళ చేపల వాసన పోలేదు. రేపటికి సగం మరిచిపోతానేమోనని ఇప్పుడే రాసుకుంటున్నాను.

పొద్దున్న అయిదున్నరకి ఒడిశా బరంపురంలో గోపాల్‌పూర్ బస్సెక్కాం. నేనూ, మూడో సంవత్సరం పిల్లలు పదకొండు మందీ. ఈ వారమే ఎందుకంటే, కార్తీకం నెలంతా ఇక్కడ చాలా ఒడియా ఇళ్ళల్లో నీచు ముట్టరు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్ళీ నీచు తినడం మొదలుపెట్టే రోజు. అక్కణ్ణుంచి చేపలకి మళ్ళీ గిరాకీ వస్తుంది, తట్టలు నిండుగా ఉంటాయి. నాకు కావలసింది నిండు తట్టలే.

మా ఆర్ట్ కాలేజీ పిల్లల చెయ్యి చాలా మంచిది. పెన్సిల్ పట్టుకుంటే గీత తడబడదు. కానీ 'జనానికి పనికొచ్చే వస్తువొకటి డిజైన్ చెయ్యండి' అంటే, వారం తిరిగేసరికి వాళ్ళు తెచ్చే షీట్లలో వస్తువు మాత్రం మెరుస్తూ ఉంటుంది, మనిషి ఉండడు. దాన్ని ఎవరు ఎత్తుతారు, ఎక్కడ దించుతారు, తడిస్తే ఏమవుతుంది, ఇవేవీ ఆ తెల్ల కాగితం మీద కనబడవు. ఈసారి చేపలమ్మే ఆడవాళ్ళ కోసం చెయ్యమన్నాను. చక్రాల ట్రాలీ ఒకటి, వీపుకి తగిలించుకునే ఐసు డబ్బా ఒకటి వచ్చాయి. రెండూ అందంగానే ఉన్నాయి. షీట్లు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని రమ్మన్నాను.

గోపాల్‌పూర్ ఒడ్డున అడుగు పెట్టగానే వినబడేది తెలుగే. ఇక్కడి జాలర్లు, నోళియాల ఇళ్ళల్లో మాట తెలుగు. శ్రీకాకుళం తీరం మాటకి దగ్గరగా ఉంటుంది. 1936 దాకా ఈ గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి బరంపురం బజార్లో రెండు భాషలూ కలిసే నడుస్తాయి. అయినా మా క్లాసులో ఆరుగురికి తెలుగు ఒక్క ముక్క రాదు. వాళ్ళకి నేనే తర్జుమా చేస్తూ నిలబడ్డాను.

చేపలమ్మే వాళ్ళల్లో నాకు తెలిసిన అప్ప ఒకావిడ ఉంది. యాభై దాటి ఉంటుంది. ట్రాలీ బొమ్మ చూపిస్తే చాలా సేపు చూసింది. కాగితం మీద తడి వేలు పడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుని మరీ చూసింది. "సెక్రాలు ఇసకలో దిగబడిపోవా మేస్టారూ? బస్సు మెట్లెలాగెక్కుద్ది?" అంది. గీసిన అమ్మాయి ముఖం చిన్నబోయింది. అప్ప అది గమనించి, "బొమ్మ బాగుంది తల్లీ" అని ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. తర్వాత ఐసు డబ్బా చూసి ఒకే మాట అడిగింది. "నిండాక దీన్ని ఎవులెత్తుతారు?"

ఒడియాలో ఆ మాట చెప్పి ఊరుకున్నాను. దాని బరువు అప్పటికి నాకే తెలియలేదు.

బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, దీన్ని డిజైన్ చేసిందెవరని పిల్లల్ని అడిగాను. అదొక డిజైన్ అని ఒక్కరికీ తోచలేదు. అందుకే చెప్పాను. 1960ల చివర కరువుల్లో ఊరూరా బోర్లు తవ్వారు. వాటి మీద బిగించినవి పోత ఇనుము పంపులు. పెరట్లో ఒక్క కుటుంబం నీళ్ళు కొట్టుకోవడానికి పాశ్చాత్య దేశాల్లో పుట్టిన రకం. ఇక్కడ ఊరంతా తెల్లారింది మొదలు చీకటి పడేదాకా కొడుతుంటే అవి విరిగిపోయాయి. సోలాపూర్‌లో ఒక మిషన్ వర్క్‌షాపు వాళ్ళు ఉక్కు వెల్డింగ్ చేసి కట్టిన పంపు మాత్రం నిలబడింది. దాన్ని ఆధారం చేసుకుని యునిసెఫ్ తోడ్పాటుతో 1970లలో ఇండియా మార్క్ 2 అనే ఈ పంపు తయారైంది. పైన మూత తీస్తే లోపల హ్యాండిల్ చివర ఒక చైను ఉంటుంది. కొట్టేవాళ్ళు ఎలా కొట్టినా కింది రాడ్డు నిటారుగా లేచేటట్టు చేసేది ఆ చైనే. దీనికి పేటెంటు లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. ఒక కుర్రాడు వంగి హ్యాండిల్ బేరింగు దగ్గర చెయ్యిపెట్టి చూశాడు. అప్పటికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఎనిమిదింటికి అప్పతో పాటు మేమూ బస్సెక్కాం. సత్తు బేసిను, అందులో కవళ్ళు, పైన నలగ్గొట్టిన ఐసు, దాని మీద తడి గోనె. మా స్ప్రింగు త్రాసుకి తగిలిస్తే 27 కిలోలు తూగింది. ఒడ్డున ఎత్తడం కష్టం కాదు. ఇద్దరు పట్టి మూడో ఆవిడ నెత్తిన పెడతారు. అలా ఒకరికొకరు. బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తోటివాళ్ళే పట్టారు. కండక్టరు మాత్రం నీళ్ళు కారుతున్నాయని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

బరంపురంలో దిగాక అందరూ తలో వీధికీ వెళ్ళిపోయారు. అక్కడ మొదలైంది అసలు కష్టం.

మొదటి ఇంట్లో బేరం కుదిరింది, అరకిలో. కొన్న ఇల్లాలు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అప్ప చుట్టకుదురు సర్దుకుని అటూ ఇటూ చూసింది. అటుగా వెళ్తున్న ఒకాయన్ని "కాసింత సెయ్యెయ్యి బాబూ" అంది. ఆయన వినబడనట్టు వెళ్ళిపోయాడు. నీచు అంటుకుంటుందని. ఇలా రోజుకి ఎన్నిసార్లో. నేను వెళ్ళి ఎత్తాను. నా చొక్కా తడిసింది అక్కడే. కొసలు పట్టుకున్న వేళ్ళు కోసుకుపోతాయేమో అనిపించింది. అది ఆవిడ నెత్తిన కూర్చున్న క్షణంలో మెడ నరం బిగుసుకోవడం దగ్గరగా చూశాను.

అయితే ఈ రోజు నిజంగా చూసినవాడు నేను కాదు. ఆస్కా నుంచి వచ్చే ఒడియా కుర్రాడొకడున్నాడు, క్లాసులో పెదవి విప్పడు. తెలుగు బొత్తిగా రాదు. మాటలు అర్థం కాక, నా తర్జుమా కూడా వినకుండా, పొద్దుట్నుంచీ ఆవిడ కాళ్ళూ చేతులే చూస్తూ గీస్తున్నాడు. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర పుస్తకం నా ముందు పెట్టాడు. రెండు వరసల బొమ్మలు.

పై వరస దేవాంగుల వీధిలోది. పాత నేతగాళ్ళ ఇళ్ళకి ఇంకా అరుగులున్నాయి. అప్ప బేసిను అరుగు మీద దించింది. మళ్ళీ ఎత్తుకోవాలంటే గొంతుకూర్చుని, తల కిందికి పెట్టి, బేసినుని నెత్తి మీదకి జరుపుకుని, ఒక చెయ్యి మోకాలి మీద ఆన్చి లేచింది. కింది వరస ఒక గుడి ప్రహరీ దగ్గరది. అక్కడ మోకాళ్ళు కొంచెం వంచింది, బేసిను జారి నెత్తికెక్కింది, అంతే. ఎవరి సాయమూ లేదు. అరుగు ఎత్తు 2 అడుగుల 2 అంగుళాలు, గోడ 4 అడుగుల 3 అంగుళాలు అని పక్కన రాసుకున్నాడు. వాడు ఎప్పుడు కొలిచాడో నేను చూడనేలేదు.

ఆ పుస్తకం పట్టుకెళ్ళి అప్పకి చూపించాను. అవునంది. బేరం ఉన్నా, అరుగో గోడో లేని వీధిలోకి వెళ్ళదట. కొత్త అపార్ట్‌మెంట్లకి గేటు తప్ప ఇంకేమీ లేదు, అందుకే అక్కడికి వెళ్ళడం మానేసిందట. ఎన్నేళ్ళుగా పరిచయం! ఈ మాట నేనెప్పుడూ అడగలేదు.

రెండేళ్ళ కిందట నేనే ఇంకో బ్యాచ్‌తో వీళ్ళకి ఫైబరు ఐసు పెట్టెలు చేయించాను. అడుగున నీళ్ళు పోవడానికి కుళాయి కూడా పెట్టాం. అయిదు ఇచ్చాం. మూడు నెలల తర్వాత వెళ్తే ఒకరింట్లో అందులో బియ్యం ఉన్నాయి. "బియ్యానికి బాగుంది మేస్టారూ, ఎలకలు కొట్టవు" అంది ఆవిడ, ఎంతో ప్రేమగా. ఖాళీ పెట్టె బరువే ఆరు కిలోలు. ఆ ఆరు కిలోలు ఒక్కసారైనా నా నెత్తిన పెట్టుకుని చూడలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సాయంత్రం క్లాసులో ఆ రెండు వరసలూ బోర్డు మీద అంటించాం. జైపూర్ కాలు గురించి చెప్పాను. 1968లో రామ్‌చంద్ర శర్మ అనే చేతిపనివాడూ, పి.కె. సేఠీ అనే ఎముకల డాక్టరూ కలిసి చేశారు. అప్పటిదాకా ఉన్న కృత్రిమ పాదానికి బూటు తొడగాలి. మన మనిషి చెప్పుల్లేకుండా పొలంలో దిగాలి, గొంతుకూర్చోవాలి, బాసింపట్టు వేసుకోవాలి. వాళ్ళు రబ్బరుతో పాదం పోశారు. పాత దారుల పక్కన రెండు రాళ్ళు నిలబెట్టి పైన అడ్డరాయి వేసేవారని కూడా చెప్పాను. తమిళనాడులో సుమైతాంగి అంటారు వాటిని, నెత్తి మీది మూట దించుకోవడానికి. ఆస్కా కుర్రాడు అది విని మొదటిసారి నవ్వాడు.

ట్రాలీ గీసిన అమ్మాయే అసలు ప్రశ్న వేసింది. "బేసిను దించుకోవడానికి మా అపార్ట్‌మెంట్ గేటు స్తంభానికి ఒక పలక బిగిద్దామంటే అసోసియేషన్ ఒప్పుకోదు సార్. చేపల నీళ్ళు పడతాయంటారు." ఆ మాట నిజమే. పలకకి కొంచెం వాలు పెట్టాలి, కింద నీళ్ళు పోయే దారి ఉండాలి, పాలవాడూ గ్యాస్ బండ తెచ్చేవాడూ కూడా వాడుకునేటట్టు ఉండాలి. అలా అయితే ఒప్పుకోవచ్చు. ఆదివారం మీటింగులో తనే అడుగుతానంది. నేనూ వస్తానన్నాను.

మార్కుల కాగితం టేబుల్ మీద ఉంది. కొత్తదనం, ఫినిషింగ్, మార్కెట్ అని మూడు గళ్ళు. గోడకి బిగించిన ఒక పలకకి ఈ మూడింట్లోనూ ఏమీ రావు. ఆ పిల్లాడికి మార్కులు తగ్గనివ్వను. ఇంకో గడి కలపమని పైవాళ్ళకి ఉత్తరం రాశాను, పొద్దున్న ఇస్తాను.

రేపు ఏడింటికి కాలేజీ వెనక ఇటుకలు పేర్చి నాలుగడుగుల నుంచి అంగుళం అంగుళం పెంచి చూస్తాం. పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ ఒకే ఎత్తు సరిపోదు కాబట్టి రెండు పలకలు కావాలేమో. అప్ప ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వస్తానంది, పడవలు వేళకి వస్తే.