పీపాలో బతికే బీరు కోసం షెఫీల్డ్ వీధుల్లో

ఇంగ్లండులో ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లకి ఇప్పుడు అన్నీ గుమ్మం ముందుకే వస్తాయి. సోనామసూరి బియ్యం, గోంగూర పచ్చడి, ఆఖరికి తాజా కరివేపాకు కూడా ఫోన్లో ఆర్డర్ పెడితే మర్నాటికి ఇంట్లో ఉంటాయి. కాస్క్ ఏల్ అనే పీపా బీరు మాత్రం అలా రాదు. సూపర్ మార్కెట్లో దొరికే సీసాల్లో, డబ్బాల్లో ఉండేది అది కాదు. అది కావాలంటే చెప్పులేసుకుని వీధిలోకి నడవాలి, పబ్బు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలి, ముక్కూ మొహం తెలియని వాళ్ల పక్కన నిలబడాలి. నేను షెఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఈ ఊరు నాకు దగ్గరైంది ఆ నడక వల్లే అని నమ్ముతాను.

హైదరాబాద్ టీమ్‌తో పని కాబట్టి నా రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది, సాయంత్రం నాలుగింటికల్లా తీరిక దొరుకుతుంది. ఆఫీసులో ఇంగ్లీషు వాళ్లు మర్యాదస్తులే, కానీ అక్కడ మాటలు వాతావరణం దగ్గర మొదలై ప్రాజెక్టు దగ్గర ఆగిపోతాయి. శుక్రవారం సాయంత్రం పబ్బులో గ్లాసు చేతికొచ్చాక అదే మనిషి తన తాత స్టీలు ఫ్యాక్టరీలో ఏ కొలిమి దగ్గర పనిచేశాడో చెబుతాడు. మీ ఊళ్లో వర్షాలు పడ్డాయా అని అడుగుతాడు. మన దగ్గర తాగుడంటే వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూమ్, అందులో మగవాళ్లు మాత్రమే. ఇక్కడ పబ్బులో మూల బల్ల దగ్గర డెబ్బై దాటిన ఆవిడ హాఫ్ పింట్ బీరు ముందు పెట్టుకుని పేపరు చదువుకుంటూ ఉంటుంది, ఆమె కాళ్ల దగ్గర కుక్క పడుకుని ఉంటుంది. కౌంటర్ వెనక ఉన్నవాళ్లు మగవాడినైనా సరే 'లవ్' అనే పిలుస్తారు. యార్క్‌షైర్ అలవాటది, ఆ పిలుపంటే నాకు ఇష్టం.

ఇంతకీ ఈ బీరులో ఉన్న విశేషమేంటి? లాగర్ అనే మామూలు బీరుని ఫ్యాక్టరీలో వడగట్టి, వేడిచేసి, అందులో పులియబెట్టే ఈస్ట్‌ని చంపేసి పంపుతారు. గ్యాస్ బయటి నుంచి ఎక్కిస్తారు. కాస్క్ ఏల్‌లో ఈస్ట్ బతికే ఉంటుంది, పీపాలోకి దిగాక కూడా పులుస్తూనే ఉంటుంది. మాది భువనగిరి వైపు. తెల్లవారి చెట్టు మీద నుంచి దింపిన తాటికల్లు మధ్యాహ్నానికి వేరే రుచికి మారిపోతుంది కదా, ఇదీ అంతే. ప్రాణమున్న పదార్థం. ఇవాళ్టి రుచి రేపు ఉండదు.

మా టీమ్‌లోకి కొత్తగా కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడు మొదటి గుక్క తాగగానే మొహం పెట్టాడు. "అన్నా, ఇది చల్లగ లేదేంది? గ్యాస్ గూడ లేదు. ఖరాబైందా?"

"కాలేదు తమ్మీ, ఇది గిట్లనే ఉంటది. ఫ్రిజ్‌ల పెడితే రుచి తెల్వదు. మెల్లగ తాగు."

రెండో గ్లాసుకి వాడే లేచి కౌంటర్ దగ్గరికెళ్లి ఏది బాగుంటుందని అడిగాడు. అయినా వాడి అనుమానం న్యాయమైనదే. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది స్ట్రాంగ్ బీరు, దాన్ని మంచులా చల్లబరిచి గడగడా తాగుతారు. ఇక్కడ బిట్టర్ అనే మామూలు చేదు రకంలో ఆల్కహాల్ 4 శాతం అటూ ఇటూ ఉంటుంది, మైల్డ్ అనే చేదు తక్కువ రకంలో ఇంకా తక్కువ. కబుర్లు సాగినంతసేపూ ముందర ఉండే పానీయం ఇది.

ఒకసారి తెలిసిన పబ్బు యజమాని నేలమాళిగ చూపించాడు. అదంతా చూశాక నాకు ఈ బీరు మీద గౌరవం ఇంకా పెరిగింది. ఫర్కిన్ అనే చిన్న పీపాలో 9 గ్యాలన్లు పడుతుంది, అంటే 72 పింట్లు (పింటంటే అర లీటరుకి కాస్త పైన). దాన్ని స్టాండు మీద పడుకోబెట్టి, కదలకుండా చీలలు పెడతారు. పైన ఉన్న బిరడాలోకి మెత్తటి చెక్క మేకు కొడతారు. ఆ చెక్కకుండే సన్నటి రంధ్రాల గుండా లోపలి గ్యాస్ బుసబుసా పొంగుతూ బయటికి పోతుంది. ఆ బుస నెమ్మదించాక గట్టి మేకుతో మూసేస్తారు. ఎప్పుడు మూయాలో గడియారం చెప్పదు, పొంగు చూసి మనిషే నిర్ణయించాలి. ముందే మూస్తే నురగ ఆగదు, ఆలస్యమైతే బీరు చప్పబడిపోతుంది. మాళిగ వేడి 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి పీపాకి కుళాయి పెట్టి తోడటం మొదలయ్యాక, తీసిన బీరు స్థానంలోకి గాలి చేరుతుంది, ఆ గాలే దాన్ని పాడుచేస్తుంది. మూడు రోజుల్లో ఆ 72 పింట్లూ అమ్ముడుపోవాలి. పైన కౌంటర్ మీద పొడవాటి పిడి ఉన్న హ్యాండ్ పంప్‌తో మనిషి చేత్తో లాగితేనే బీరు పైకి వస్తుంది, వెనక నుంచి తోసే గ్యాస్ ఉండదు. రాత్రంతా గొట్టంలో నిలిచిపోయిన బీరుని పొద్దున్నే పారబోస్తారు. లెక్క చూసుకునే వ్యాపారి ఎవడూ సంతోషంగా చేసే పని కాదది. ఆ పని వదలకుండా చేసే పబ్బుకి నేను నా డబ్బు ఇష్టంగా ఇస్తాను.

శాకాహారులకి ఒక మాట ముందే చెప్పాలి. ఈస్ట్ అడుగుకి దిగి బీరు తేటపడటానికి పీపాలో ఐసింగ్‌లాస్ వేయడం పాత పద్ధతి. అది చేపల గాలితిత్తి నుంచి తీసినది. నా భార్య చేప ముట్టదు, అందుకని మేం వెళ్లిన ప్రతిచోటా అడుగుతాం. ఇప్పుడు అది వేయకుండా కాస్త మబ్బుగానే అమ్మే బ్రూయరీలు, అంటే బీరు తయారీ కేంద్రాలు, చాలా వచ్చాయి, పంప్ మీది బిళ్ల మీదే 'వీగన్' అని రాస్తున్నారు. అడిగితే ఎవరూ విసుక్కోరు.

మంచి పబ్బుని కనిపెట్టడానికి నేను మొదట చూసేది హ్యాండ్ పంపుల వరస కాదు, జనాన్ని. పన్నెండు పంపులున్నా మంగళవారం రాత్రి ముగ్గురే కూర్చుని ఉంటే ఆ పీపాలు మూడు రోజుల్లో ఖాళీ కావు. నాలుగు పంపులతో కిటకిటలాడే చోటు అంతకంటే నయం. బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ పీపా అయిపోయిందని అర్థం. అలా ఒకటి రెండు తిప్పి కనిపిస్తే నాకు నమ్మకం కలుగుతుంది, సరుకు కదులుతోందన్న మాట. కొనేముందు రుచికి కొంచెం పోయమని అడగొచ్చు, సిగ్గుపడనక్కర్లేదు. వెనిగర్ వాసన వస్తే గ్లాసు కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి నెమ్మదిగా చెప్పండి, మంచి పబ్బులో మారుమాట లేకుండా ఇంకోటి ఇస్తారు. మారుమాటాడిన చోటికి నేను మళ్లీ వెళ్లను.

చేతిలో పెట్టుకోదగ్గ పుస్తకం గుడ్ బీర్ గైడ్. కామ్రా అనే వినియోగదారుల సంఘం ఏటా తెస్తుంది, సుమారు 4,500 పబ్బులుంటాయి. ఈ సంఘం 1971లో పుట్టింది. పెద్ద కంపెనీలు దేశమంతటా ఒకే రకం గ్యాస్ బీరు నింపేస్తున్న రోజుల్లో నలుగురు కుర్రాళ్లు పట్టుబట్టి మొదలుపెట్టారు. గైడ్‌లోకి ఏ పబ్బు ఎక్కాలో డబ్బు తీసుకుని నిర్ణయించరు. ఆ ఊరి సభ్యులు ఏడాది పొడుగునా తాగి, 0 నుంచి 5 దాకా మార్కులు వేసి, వాటిని బట్టి ఎంపిక చేస్తారు. నేనూ సభ్యుణ్నే, నేనూ మార్కులు వేస్తాను. ఈ ఊరి విషయంలో నా అభిప్రాయానికి లెక్క ఉండటం నాకు చాలా పెద్ద సంగతి.

షెఫీల్డ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు కెల్హమ్ ఐలండ్ అనే పేట నుంచి మొదలుపెడితే మంచిది. షేల్స్‌మూర్‌లో ట్రామ్ దిగితే నడకే. ఒకప్పుడు అంతా కొలుములు, కత్తుల కార్ఖానాలు. అక్కడ 1981లో డేవ్ వికెట్ అనే పాలిటెక్నిక్ లెక్చరర్ స్నేహితుడితో కలిసి ఒక పాత పబ్బు కొని 'ఫ్యాట్ క్యాట్' అని పేరు పెట్టాడు. పెద్ద బ్రూయరీల చేతిలో ఉన్న ఊళ్లో బయటి ఊళ్ల చిన్న బ్రూయరీల బీర్లు తెచ్చి అమ్మాడు. 1990లో పక్కనే సొంత బ్రూయరీ పెట్టాడు. ఊరికి పేరు తెచ్చిన స్టోన్స్, వార్డ్స్ అనే పెద్ద బ్రూయరీలు 1999లో మూతపడ్డాయి, ఈ చిన్నది నిలబడింది. దాని పేల్ రైడర్‌కి 2004లో బ్రిటన్‌లోకెల్లా ఉత్తమ బీరు బహుమతి వచ్చింది. ఆ బ్రూయరీ 2022లో ఆగిపోయినప్పుడు డెర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బ్రూయరీ వాళ్లు ముందుకొచ్చి పేల్ రైడర్‌ని కాపాడారు. ఫ్యాట్ క్యాట్ నుంచి నాలుగడుగులేస్తే కెల్హమ్ ఐలండ్ టావెర్న్ వస్తుంది. దేశంలో ఉత్తమ పబ్బుగా 2008, 2009ల్లో వరుసగా రెండేళ్లు గెలిచింది. నది అవతల నీప్‌సెండ్‌లో గార్డెనర్స్ రెస్ట్ ఉంది, 2017 నుంచి దాని యజమానులు చుట్టుపక్కల జనమే, వాటాలు వేసుకుని కొన్నారు. ఈ మూడింటిలో నా మనసు దీనివైపే మొగ్గుతుంది.

రైలు దిగి నడిచే ఓపిక లేనివాళ్లకి స్టేషన్లోనే షెఫీల్డ్ ట్యాప్ ఉంది. 1904లో ఫస్ట్ క్లాసు ప్రయాణికుల కోసం కట్టిన గది, ఏళ్ల తరబడి పాడుబడి ఉంటే బాగుచేసి 2009లో తెరిచారు. ఆ గోడల పలకలు చూడటానికైనా వెళ్లాలి.

థార్న్‌బ్రిడ్జ్ వాళ్ల పేరున్న బీరు జైపూర్. 2005లో మొదలైన ఐపీఏ, 5.9 శాతం, నెమ్మదిగా తాగాల్సింది. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, మొదటి అక్షరం మన దేశానిదే. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని బర్టన్ ఊళ్లో దొరికే జిప్సం కలిసిన గట్టినీళ్లతో చేసిన చేదు బీరుని ఓడలకెత్తి కలకత్తాకి, బొంబాయికి, మద్రాసుకి కంపెనీ దొరల కోసం పంపేవారు. బీరు పులియబెట్టే ఆ బర్టన్ పద్ధతి పీపాల వరస ఒకటి మూలకి చేరబోతుంటే 2024లో థార్న్‌బ్రిడ్జ్ వాళ్లే తెచ్చుకుని మళ్లీ పని చేయిస్తున్నారు. దొరల దాహం తీర్చడానికి పుట్టిన ఆ బీరుని ఇవాళ డెర్బీషైర్‌లో జైపూర్ అనే పేరు మీద నేను డబ్బిచ్చి తాగుతున్నాను. ఆ చరిత్ర నాకు చేదుగానే ఉంటుంది, బీరు మాత్రం నచ్చుతుంది.

ఊరు దాటాలనుకుంటే పెన్నైన్ కొండల మీదుగా పోయే రైలు దారి పట్టండి. స్టాలీబ్రిడ్జ్ స్టేషన్లో పాతకాలపు బఫే బార్, మార్స్‌డెన్‌లో రివర్‌హెడ్ పబ్బు, హడర్స్‌ఫీల్డ్ స్టేషన్లో ఆ చివరొకటి ఈ చివరొకటి, డ్యూస్‌బరీలో వెస్ట్ రైడింగ్ పబ్బు. కారు తాళాలు ఇంట్లోనే వదిలేయండి. శనివారం మధ్యాహ్నం తర్వాత ఆ దారిలో పెళ్లికొడుకుల పార్టీ గుంపులు, గోల ఉంటాయి. కుటుంబంతో అయితే ఆదివారం మేలు.

ఇక ఫెస్టివల్స్. షెఫీల్డ్‌లో స్టీల్ సిటీ బీర్ ఫెస్టివల్ అక్టోబరులో కెల్హమ్ ఐలండ్ మ్యూజియంలో జరుగుతుంది. స్టీలు ఊరి పాత యంత్రాల మధ్య పీపాల వరసలు. గ్లాసుకి డిపాజిట్ కట్టి తీసుకోవాలి, దాని మీద పింట్, హాఫ్, థర్డ్ అని గీతలుంటాయి. థర్డ్ అంటే 189 మిల్లీలీటర్లు. ఎక్కువ రకాలు రుచి చూడాలనుకునేవాళ్లు థర్డ్ గీత దాటకూడదు, మధ్యలో నీళ్లు తాగాలి, కడుపులో ఏదైనా ఉండాలి. మైల్డ్‌తో మొదలుపెట్టి, బిట్టర్, ఐపీఏ అయ్యాక చివర్న పోర్టర్ అనే నల్లటి బీరుకి వెళ్లండి. ముందే చేదెక్కువ బీరు తాగితే నాలుకకి తర్వాతవేవీ తెలియవు.

అక్కడ బీరు పోసేవాళ్లు, పీపాలు మోసేవాళ్లు, టికెట్లు చింపేవాళ్లు అందరూ జీతం లేని వాలంటీర్లే. రిటైరైన ఫ్యాక్టరీ మనుషులు, నర్సులు, యూనివర్సిటీ కుర్రాళ్లు. ఫెస్టివల్‌కి ముందు కామ్రా షెఫీల్డ్ శాఖ పేర్లు తీసుకుంటుంది. అనుభవం అక్కర్లేదు, పీపాకి కుళాయి కొట్టడం కూడా వాళ్లే నేర్పుతారు. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం వాలంటీరుగా పనిచేయడం గురించి తమ నిబంధనలు ఒకసారి చూసుకుని పేరివ్వండి. కొనుక్కుని తాగడానికే వచ్చేవాళ్లు గురువారం సాయంత్రం రండి. శనివారం రాత్రికి జనం మెచ్చినవన్నీ ఖాళీ అయిపోతాయి.