ఆటోమేటిక్ బండికి చేత్తో గేర్లు

"ఆటోమేటిక్ బండి కొనుక్కుని మళ్ళీ చేత్తో గేర్లు మార్చడమేంటి బావా?"

మా బావమరిదే కాదు, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికి భోజనానికొచ్చి గ్యారేజీలోకి తొంగిచూసిన మనవాళ్ళందరూ ఏదో ఒక రూపంలో ఈ మాటే అంటారు. పప్పులో నెయ్యి వేసుకుంటున్నవాళ్ళకి చెప్పే సంగతి కాదిది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నాది 1978 షెవర్లే కమారో. 5.7 లీటర్ల వీ8 ఇంజిన్, దాని వెనక టర్బో 350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్. నాకంటే ముందు దీన్ని నడిపినాయన క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వుల్ని తెరిచే ఇరుసు), కార్బురేటర్, ఎగ్జాస్ట్ మార్పించాడు. గేర్‌బాక్స్ లోపల మాత్రం చెయ్యి పెట్టలేదు. రోజూ ఆఫీసుకి పోయే బండి వేరే ఉంది. ఇది ఎన్నిస్‌కి వెళ్ళడానికే. డాలస్‌కి దక్షిణంగా ఉన్న ఆ ఊళ్ళో టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ స్ట్రిప్, అంటే తిన్నటి దారిలో బండ్లు పందెం వేసుకునే ట్రాక్, ఉంది. 1986లో కట్టారు. క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లూ కాంక్రీటే. టెస్ట్ అండ్ ట్యూన్ రాత్రుల్లో డబ్బు కట్టి ఎవరైనా తమ బండి పరిగెత్తించుకోవచ్చు.

ఈ కాలపు ఆటోమేటిక్‌లలాగా నా గేర్‌బాక్స్‌లో కంప్యూటర్ లేదు. ఎప్పుడు గేరు మార్చాలో అందులో తిరిగే ఆయిలే తేలుస్తుంది. వెనకవైపు గవర్నర్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. బండి వేగం పెరిగేకొద్దీ అది వేగంగా తిరుగుతుంది, దాని నుంచి వచ్చే ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది. రెండోవైపు వాక్యూమ్ మాడ్యులేటర్. ఇంజిన్ మీద ఎంత బరువు పడుతోందో ఆయిల్ ప్రెషర్‌తోనే చెప్పడం దాని పని. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కార్బురేటర్ నుంచి వచ్చిన కేబుల్ ఒకటి లాగబడి "ఇంకాసేపు ఇదే గేరులో ఉండు" అని చెబుతుంది. షిఫ్ట్ వాల్వుని ఈ రెండు ప్రెషర్లూ చెరో వైపు నుంచీ నెడుతూ ఉంటాయి, ఒకే తలుపుని ఇద్దరు చెరో గదిలోంచి తోస్తున్నట్టు. వేగం వైపుది గెలిచిన క్షణాన పై గేరు పడుతుంది. కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో ఇంత తెలివిని ఇనుములోకీ ఆయిల్లోకీ ఎక్కించినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

చిక్కేమిటంటే, ఈ లెక్కంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజిన్‌కి సరిపడా వేసింది. డీ (డ్రైవ్)లో పెట్టి పూర్తిగా తొక్కితే నా బండి 4,600 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఒకటో గేరు వదిలేస్తుంది. కొత్త క్యామ్‌తో నా ఇంజిన్ బలం 5,200 దగ్గర గానీ పూర్తిగా రాదు. పందెంలో ఇంజిన్‌ని ఆ శిఖరం దాటాక కూడా కాస్త పట్టి ఉంచాలి. ఎందుకంటే ఒకటో గేరు నిష్పత్తి 2.52 (గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరిగే చుట్లు), రెండోది 1.52. 4,600 దగ్గర మారితే లెక్క ప్రకారం ఇంజిన్ 2,800 చుట్టుపక్కలకి పడిపోతుంది. 5,500 దగ్గర మారితే 3,300కి పైనే ఉంటుంది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ జారడం వల్ల నిజానికి ఇంకొంచెం పైనే నిలుస్తుంది కానీ, రెండింటి మధ్య తేడా మాత్రం పోదు. అసలే ఈ క్యామ్‌కి 3,000 లోపు ఒంట్లో బాగుండదు. గేరు మారగానే బండి ఒక్క క్షణం నీరసంగా మూలిగి మళ్ళీ లేస్తుంది. ఆ క్షణమే టైమ్ స్లిప్ మీద, అంటే పరుగయ్యాక చేతికిచ్చే టైమ్ కాగితం మీద, కనబడుతుంది.

ఇంజిన్ మారిన సంగతి గేర్‌బాక్స్‌కి తెలియదు, నాకు తెలుసు. చెయ్యి పెట్టేది అందుకే.

లివర్‌ని 1లో పెడితే ఎంత తొక్కినా ఒకటో గేరు దాటదు. 2కి తోస్తే రెండు పడుతుంది, డీకి తోస్తే మూడు. వినడానికి ఇంతే. కానీ ఫ్యాక్టరీ లివర్‌తో పందెం ఆడటం కష్టం, ఎందుకంటే డీ దాటి ఇంకొంచెం పోతే అక్కడ ఉన్నది న్యూట్రల్. ఫుల్ థ్రాటిల్‌లో న్యూట్రల్‌లో పడితే చక్రాలకి పోవాల్సిన బలమంతా ఇంజిన్‌ని పిచ్చిగా తిప్పుతుంది. మనకి టెన్షన్, ఇంజిన్‌కి ప్రాణగండం. అందుకే రాచెట్ షిఫ్టర్ పెట్టుకుంటారు. నా దాంట్లో లివర్‌ని ముందుకి తోస్తే ఒక్క గేరే మారుతుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ మధ్యకి తెచ్చి నిలబెడుతుంది. మళ్ళీ తోస్తే ఇంకొక్క గేరు. పిడికిలి మూసి అరచేతి మడమతో తోస్తాను. వేళ్ళతో పట్టుకుంటే తెలియకుండానే ఆపుకుంటాం, తోపు సగంలో ఆగుతుంది. తోసినప్పుడు లోపల పన్ను జారి పడిన "టక్" చప్పుడు వీ8 మోతలో చెవికి వినబడదు, మణికట్టుకి తెలుస్తుంది. ఫ్లోర్ షిఫ్టర్ ఉన్న ఆటోమేటిక్‌లకి రివర్స్‌లోకి పోకుండా లాక్ ఉండాలని అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం కూడా ఉంది. మంచి నియమం.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఆలస్యం. లివర్ తోసిన క్షణాన గేరు మారిపోదు. లోపల వాల్వు కదలాలి, ఆయిల్ వెళ్ళి క్లచ్ పిస్టన్ వెనక నిండాలి, అప్పుడు ప్లేట్లు బిగుసుకోవాలి. మనకి రెప్పపాటే, కానీ ఆ రెప్పపాటులో ఇంజిన్ పైకి పోతూనే ఉంటుంది. 5,500 దగ్గర మారాలంటే 5,500 చూసి తోస్తే అప్పటికే ఆలస్యం. పైగా ఈ ఆలస్యం రెండు తోపులకీ ఒకేలా ఖర్చవదు. ఒకటో గేరులో టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటర్) ముల్లు ఎగిరిపోతుంది కాబట్టి 5,100 దాటగానే తోసేస్తాను. రెండో గేరులో ముల్లు కాస్త నింపాదిగా ఎక్కుతుంది, 5,300 దాకా ఆగుతాను. మొదట్లో టాకోమీటర్ కేసి చూస్తూ మార్చేవాణ్ణి. ఇప్పుడు షిఫ్ట్ లైట్, అంటే గేరు మార్చే వేళ వెలిగే దీపం, పెట్టుకున్నాను. అయినా ఎక్కువ పని చెవే చేస్తుంది. ఎదురుగా రోడ్డు చూడటానికి కళ్ళు ఖాళీగా ఉండటం మంచిది కదా.

ఇక మొదలుపెట్టడం. లైన్ దగ్గర ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద, లివర్ 1లో. పసుపు దీపాలు మూడు అర సెకను తేడాతో ఒక్కొక్కటే వెలుగుతాయి. మూడోది వెలగడం చూసి బ్రేకు వదిలేస్తాను. పచ్చ దీపం కోసం ఆగితే మన పక్కవాడు అప్పటికే పోయుంటాడు.

నేను ఆడేది బ్రాకెట్ రేసింగ్, అది తెలియనివాళ్ళకి రెండు మాటలు. మన బండి క్వార్టర్ మైలు ఎన్ని సెకన్లలో పరిగెడుతుందో ముందే అద్దం మీద రాసి చెప్పాలి. నాది 14.20 అని, పక్క లేన్‌లో ఉన్న పెద్దాయనది 11.50 అని అనుకోండి. ఆయనకి నా కంటే 2.70 సెకన్లు ఆలస్యంగా దీపం వెలుగుతుంది. ఎవరు ముందు చేరితే వాళ్ళే గెలిచినట్టు. కానీ రాసినదానికంటే వేగంగా పోతే ఓడినట్టే. కాబట్టి ఇక్కడ గొప్ప వేగం కంటే ప్రతిసారీ అదే టైమ్ రావడం ముఖ్యం. ఒకసారి 5,300 దగ్గరా ఇంకోసారి 5,600 దగ్గరా గేరు మార్చేవాడు తన టైమ్ తానే చెప్పలేడు.

ఆ పెద్దాయన బండి పాత షెవీ నోవా. అందులో పవర్‌గ్లైడ్ ఉంది, రెండే గేర్లు. 1950లో కుటుంబాల కార్ల కోసం మొదలై 1973తో ఆగిపోయిన గేర్‌బాక్స్ ఇప్పటికీ డ్రాగ్ స్ట్రిప్‌ల మీద ఎందుకు బతికుందో నాకు ముందు అర్థం కాలేదు. ఆయన్నే అడిగాను. "ఒక్కసారే మార్చాలి. రెండుసార్లు మార్చేవాడికి తేడా రావడానికి రెండు చోట్లున్నాయి, నాకు ఒకటే ఉంది" అన్నాడు. పైగా ఆ గేర్‌బాక్స్ తేలిక, లోపల తినేసే బలం కూడా తక్కువ. తోపు కూడా ఆయన చేతిది కాదు. కార్బన్ డయాక్సైడ్ సీసా ఒకటి పెట్టి, ఇంజిన్ ఫలానా ఆర్‌పీఎంకి రాగానే ఆ గ్యాసే లివర్‌ని తోసేలా అమర్చుకున్నాడు. దానికి తోడు ట్రాన్స్‌బ్రేక్. బటన్ నొక్కి ఉంచితే ఒకటో గేరూ రివర్సూ ఒకేసారి పట్టుకుని బండి బిగుసుకుపోతుంది, వదిలితే రివర్స్ జారిపోయి బాణంలా పోతుంది. ఎలక్ట్రానిక్స్ ఒప్పుకోని క్లాసుల్లో ఈ హంగులన్నీ పనికిరావు. నేను ఆడేది అక్కడే, పాదం, అరచెయ్యి అంతే.

సరే, గేర్లే అక్కర్లేనివాళ్ళూ ఉన్నారు. డ్రాగ్ రేసింగ్‌లో అన్నిటికంటే వేగమైన తరగతి టాప్ ఫ్యూయల్. ఆ బండ్లలో గేర్లు మార్చే పనే ఉండదు, క్లచ్ ఒక్కటే మెల్లగా బిగుస్తూ పోతుంది. ఆ తరగతిలో 5 సెకన్లలోపు మొదటి పరుగు ఇదే మోటార్‌ప్లెక్స్‌లో జరిగింది. 1988 ఏప్రిల్ 9న ఎడ్డీ హిల్ 4.990లో దాటాడు. నేను 14 సెకన్లలో దాటేదీ అదే స్ట్రిప్ మీద. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది.

ఇప్పుడు బావమరిది సంగతి. వాడిది పది గేర్ల కొత్త బండి, స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్స్. నన్ను చూసి ఉత్సాహం వచ్చి, స్ట్రిప్ మీద ప్యాడిల్స్ టకటకా నొక్కడం మొదలుపెట్టాడు. "ప్యాడిల్స్ జోలికి పోకురా, డీలో పెట్టి తొక్కు" అన్నాను.

"నువ్వు మాత్రం చేత్తో మారుస్తావు, నన్ను వద్దంటావా బావా?"

వద్దనే అంటాను. వాడి బండిలో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ కంప్యూటర్లు మాట్లాడుకుంటాయి. ఇంజిన్ బలం ఎక్కడ తగ్గుతుందో దానికి తెలుసు. డీలో ఉంటే రాబోయే గేరు ఏమిటో, ఎప్పుడో అదే నిర్ణయిస్తుంది కాబట్టి ముందే సిద్ధపడగలదు. ప్యాడిల్ నొక్కితే మన మాట విన్నాక పని మొదలుపెట్టాలి. పది గేర్ల బాక్స్‌లో కింది గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒకటి పడేలోపు ఇంకొకటి నొక్కాలి. క్వార్టర్ మైలులో అన్నిసార్లు మనిషి చెయ్యి నిలకడగా ఉండదు. డీలో వాడి టైమ్ తగ్గింది. స్లిప్ చూసుకుని కాసేపు మాట్లాడలేదు.

అలాగని ప్యాడిల్స్ అలంకారమని కాదు. మలుపులున్న ట్రాక్ మీద కథ తిరగబడుతుంది. ముందు మలుపుందని కంప్యూటర్‌కి తెలియదు, మనకి కనబడుతోంది. బ్రేకు వేస్తూనే గేరు తగ్గించుకుని, మలుపు మధ్యలో అదే గేరు పట్టి ఉంచి, బయటికి రాగానే తొక్కాలి. యాక్సిలరేటర్ వదలగానే పై గేరుకి పోయే డీ అక్కడ పనికిరాదు. పందేలతో సంబంధం లేకపోయినా, తిరుమల ఘాట్ దిగే ఆటోమేటిక్ కార్లవాళ్ళకీ ఇదే చెబుతాను. మాన్యువల్ మోడ్‌లోనో ఎల్ (లో గేరు)లోనో పెట్టి ఇంజిన్‌తో బండిని ఆపుకుంటూ దిగండి. డీలో వదిలేసి కొండ కిందిదాకా బ్రేకులు కాల్చుకోకండి.

పాత బాక్స్‌ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఫినిష్ లైన్ దాటగానే న్యూట్రల్‌లోకి తోయడం కొందరి అలవాటు. అంత వేగంలో లోపలి డ్రమ్ములు అదుపు లేకుండా తిరుగుతాయి, బాక్స్ పగిలే ప్రమాదం ఉంది. 10.99 సెకన్లు, అంతకంటే వేగంగా పోయే బండ్లకి గేర్‌బాక్స్ చుట్టూ రక్షణ తొడుగు తప్పనిసరి చేసింది ఊరికే కాదు. నేను మూడో గేరులోనే ఉంచి, వేగం బాగా తగ్గాకే లివర్ ముట్టుకుంటాను.

గవర్నర్‌లో స్ప్రింగులు, బరువులు మార్చే కిట్ దొరుకుతుంది. అది వేస్తే డీలో ఉంచినా 5,500 దగ్గర తనంతట తనే గేరు మారేలా సరిచేసుకోవచ్చు. టైమ్ నా చేతికంటే నిలకడగా వస్తుందని కూడా తెలుసు. కిట్ కొని గ్యారేజీ అరలో పెట్టాను, విప్పలేదు. ఆఫీసు కాల్స్ అన్నీ అయ్యాక గంటకు పైగా ట్రాఫిక్‌లో ఎన్నిస్‌దాకా పోయేది ఆ రెండు తోపుల కోసమే.