పోర్టోలో నా ‘వొసే’

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో మేం దిగిన ఇంటి ఓనరమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. ఫోన్‌లో మూడు నెలలు నేర్చుకున్న పోర్చుగీసంతా కూడగట్టుకుని, ‘మీరూ ఇక్కడే ఉంటారా?’ అని అడిగాను. ‘మీరు’కి యాప్ నేర్పిన మాట ‘వొసే’. ఆవిడ మొహం మాడిపోయింది. ‘వొసే ఎ ఇష్ట్రెబరియ’ అని లోపలికి వెళ్లిపోయింది. వొసే అంటే గుర్రాలసాల అని! ఆ పిలుపు నచ్చనివాళ్లు విసిరే సామెతట.

ఆవిడ మనవరాలు ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. నేను నేర్చుకున్నది బ్రెజిల్ పోర్చుగీసు. అక్కడ చాలాచోట్ల వొసే మామూలు మాటే. పోర్చుగల్‌లో పెద్దవాళ్లను అలా అంటే మోటు. ఒకప్పుడు అది ‘వొస్స మెర్సే’, అంటే మన ‘తమరు’లాంటి గౌరవం. నోళ్లలో అరిగి వొసే అయ్యేసరికి మర్యాద కూడా అరిగిపోయింది. మన ‘ఒసే’తో దీనికి చుట్టరికమేం లేదు గానీ, నాకు మాత్రం మా మేనత్తను ఒసే అన్నట్టే అనిపించి చెమటలు పట్టాయి.

మరేమనాలి? ‘అ సెన్యోర’ అనాలి. ‘అమ్మగారు కాఫీ తీసుకుంటారా’ అన్నట్టు, ఎదుటి మనిషినే ఎవరి గురించో అడిగినట్టు అడగాలి. కాస్త చనువుంటే పేరు పెట్టి అడుగుతారు. మర్నాడు పొద్దున ఆవిడే, ‘అ పద్మ కేర్ ఉమ్ కఫే?’ అంది. ‘ఆ పద్మకి కాఫీ కావాలా’ అన్నట్టు వినపడి, ఇంకో పద్మ ఎక్కడుందా అని వెనక్కి చూశాను.

ఆ మధ్యాహ్నం బొల్యావ్ మార్కెట్‌కి వెళ్లాను. 1914 నాటి కట్టడం, బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. చేపలమ్మే ఆవిడ నన్ను ‘ఓ ఫిల్య’ అని పిలిచింది, ‘ఏమే కూతురా’ అన్నట్టు. జుట్టు సగం నెరిసినదాన్ని, పొంగిపోయి అడిగినదానికంటే ఎక్కువ సార్డీన్లు కొనేశాను. ఆవిడ పక్క కొట్టామెతో నవ్వుతూ మాట్లాడుతూ మాటకోసారి ‘కరాగు’ అంటోంది. అసలు మాట పచ్చి బూతు, కరాగు దానికి మెత్తని రూపం. పోర్టోవాళ్లకు కోపమొచ్చినా అదే, సంతోషమొచ్చినా అదే.

ఇంటికొచ్చి సంచి బల్లమీద పెడుతూ, ‘కారు, కరాగు!’ అన్నాను. ధర ఎక్కువ, కరాగు! నోరు జారిందని నాలుక కరుచుకునేలోపే ఓనరమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, చివరి అక్షరం అంత సాగదీయకూడదని చెప్పి నాచేత ఇంకో రెండుసార్లు అనిపించింది.